కమలక్క ఎదురుచూసిన ఏళ్ళు

కమలక్క ముఖం చూడకముందే ఆమె గొంతు విన్నాను. మా నాన్నగారికి గుండె ఆపరేషనై పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో ఉన్న రోజులవి. వార్డు బయట కుర్చీల్లో కూర్చుంటే గోడ మీది స్పీకర్లోంచి ఒక ఆడగొంతు ఫలానా డాక్టరుగారిని ఫలానా అంతస్తుకు రమ్మని పిలుస్తుండేది. అందులో కంగారు ఉండేది కాదు, విసుగూ ఉండేది కాదు. పెరట్లో ఉన్న మనిషిని వంటింట్లోంచి కేకేసినట్టు ఉండేది. తణుకు నుంచి వచ్చి, ఈ ఊళ్ళో తెలిసిన మనిషి ఒక్కరూ లేక బిక్కుబిక్కుమంటున్న నాకు ఆ గొంతు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఆ తరువాత కొన్నాళ్ళకు నా పెళ్ళయింది. మా ఆయన భార్గవ్ మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో జావా పాఠాలు చెప్పేవారు. అమీర్‌పేటలోనే ఇల్లు కావాలని వెనక సందుల్లో తిరుగుతుంటే ఒక గేటుకు టులెట్ బోర్డు కనిపించింది. గేటు తీసినావిడ "పైన పోర్షనండి. రాండ్రి, చూపిస్త" అంది. నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను.

"మీరు ఆసుపత్రి మైకులో మాట్లాడతారు కదండీ?"

ఆవిడ పెద్దగా నవ్వింది. "ముఖం జూసి నన్నెవరు గుర్తువట్టరు. గొంతు ఇంటే మాత్రం దొరికిపోత."

అలా ఆసుపత్రి టెలిఫోన్ ఆపరేటర్ కమలకుమారి నాకు కమలక్క అయింది. మేం ఆ ఇంట్లో చాలా ఏళ్ళే ఉన్నాం. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. అక్కడ అమ్మాయిల హాస్టల్ కట్టారు, అయిదంతస్తులు. మెట్రో దిగి అటుగా వెళ్ళినప్పుడల్లా కాళ్ళు వాటంతటవే ఆ సందులోకి మళ్ళుతాయి.

కింది పోర్షన్లో వాళ్ళు ముగ్గురు. కమలక్క భర్త జయపాల్ అన్నకు మైత్రీవనం పక్క సందులో జిరాక్స్ షాపు. ఆ రోజుల్లో ఆ సందు తిరునాళ్ళలా ఉండేది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన పిల్లలు, చేతిలో ఫైలు, వీపున బ్యాగు, పాంప్లెట్లు పంచేవాళ్ళు, షాపు ముందు కోచింగ్ నోట్సు కోసం వరస. మెషిన్ వేడికి జయపాల్ అన్న చొక్కా ఎప్పుడూ వీపుకు అతుక్కునే ఉండేది. మాటలు తక్కువ మనిషి. "ఎన్ని కాపీలు, స్పైరలా, మామూలా" అనే మూడు ముక్కలతో ఆయన రోజంతా గడిచిపోతుందని కమలక్క వేళాకోళం చేసేది.

మూడో మనిషి ఆయన తల్లి రుద్రమ్మ. చర్చి రిజిస్టర్లో ఆమె పేరు కరుణమ్మ. కానీ ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు. "దేవునికి రెండు పేర్లు ఎర్కనే. మీకెందుకు ఫికర్?" అనేది.

సాయంత్రం కమలక్క డ్యూటీ నుంచి వచ్చాక ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన. మెట్ల మీదుగా పైకి అంతా వినిపించేది. ముందు ఒక పాట. కమలక్క శ్రుతిలో పాడేది, జయపాల్ అన్న శ్రుతికి కాస్త అటూ ఇటూగా నడిచేవాడు. తరువాత వాక్యం చదివేవాళ్ళు. చివర్న రుద్రమ్మ ప్రార్థన. దాని కోసం నేను స్టవ్ సన్నగా పెట్టేసి చెవి అటు వేసేదాన్ని. ఆమె దేవుడితో పక్కింటి పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. "అయ్యా, నల్లా నీళ్ళు వస్తలేవు, నీకు ఎర్కనే. షాపుల మెషిన్ మళ్ళ ఖరాబైంది. పైనున్న రాగసుధకు ఇంగ ఈ ఊరు అలవాటైతలేదు, జర దాని మనసు నిమ్మలం జెయ్యి." నా పేరు అందులో విన్న మొదటి రోజు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వాళ్ళకు పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. సోమాజిగూడలో ఒక డాక్టరు దగ్గర కమలక్క ఏళ్ళ తరబడి మందులు వాడింది. ఆ సంగతి తనే ఒకసారి చెప్పింది గానీ, మళ్ళీ ఎత్తలేదు.

ఒక సాయంత్రం గిన్నె తిరిగి ఇవ్వడానికి కిందికి వెళ్ళాను. కమలక్క అప్పుడే డాక్టరు దగ్గర నుంచి వచ్చి కొత్త మాత్రల కవరు బల్ల మీద పెట్టింది. రుద్రమ్మ ఆ కవరు వైపు కాసేపు చూసింది.

"ఇగ సాలు బిడ్డా," అంది. "గా మందులు మింగి మింగి నీ ముఖం పీక్కపోయింది. పొట్టల పుట్టినోళ్ళే బిడ్డలా? నన్ను గన్నదెవరో నాకు ఎర్కలేదు. నేను మనిషిని గాలేదా?"

జయపాల్ అన్న టీవీ ఆపేశాడు. "అమ్మా, నువ్వు నిజంగనే అంటున్నవా?"

"గింత వయసుల నాకు పరాచికాలెందుకురా? ఒక బిడ్డను తెచ్చుకుందాం. సాదుకుందాం."

కమలక్క మాత్రల కవరు తీసి అల్మారాలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు పారుతుంటే అలాగే నిలబడింది. నేను వెళ్ళి కుళాయి కట్టాను. "మా అత్తమ్మ నోట ఆ మాట వస్తదని నేను కలల సుత అనుకోలే సుధా," అంది.

రుద్రమ్మను మెదక్ వైపు ఒక మిషన్ దవాఖాన వరండాలో ఎవరో వదిలి వెళ్ళారట. వానలు లేని ఏడాది. అప్పటికి ఆమెకు నాలుగేళ్ళుంటాయేమో. తన పేరు ఒక్కటే చెప్పగలిగింది. అక్కడి వంటశాలలో పనిచేసే సుందరమ్మ అనే ఆవిడ ఆమెను పెంచింది. బాప్తిస్మమప్పుడు కరుణమ్మ అని కొత్త పేరు పెట్టినా, సుందరమ్మ మాత్రం పాత పేరుతోనే పిలిచిందట.

పూర్వం క్రైస్తవులకు దత్తత హక్కు ఉండేది కాదనీ, సంరక్షకులుగా మాత్రమే పెంచుకునేవాళ్ళనీ, ఇప్పుడు అందరికీ ఒకటే పద్ధతనీ చర్చి అయ్యగారు కనుక్కుని చెప్పారు. జయపాల్ అన్న షాపులోని కంప్యూటర్లోనే దత్తతకు పేర్లు నమోదు చేసుకున్నారు. మగపిల్లాడా, ఆడపిల్లా అని అడిగే చోట "ఎవరైనా సరే" అని పెట్టారు. చర్చిలో కొందరు పెద్దవాళ్ళు అప్పుడే తమ తమ సలహాలు చెప్పారు గానీ, వీళ్ళు వినలేదు. రెండేళ్ళలోపు వయసున్న బిడ్డ కావాలని మాత్రం రాశారు.

ఇల్లు చూడటానికి ఒక సోషల్ వర్కర్ వచ్చింది. చిన్నపిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. ఇల్లంతా చూసి, ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడి, చివరికి రుద్రమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈ దత్తత మీకు ఇష్టమేనా?" అని అడిగింది.

"నాకిష్టం లేకుంటే గీ మాట మొదలుపెట్టిందెవరు బిడ్డా? ముందు ఛాయ్ తాగు. ఎండల వడి వచ్చినవు," అంది రుద్రమ్మ. ఆ పిల్ల నవ్వేసింది.

ఆ పిల్ల వెళ్ళడం వెళ్ళడమే, ఇక కబురు లేదు. ముందు నమోదు చేసుకున్నవాళ్ళు వేలల్లో ఉన్నారన్నారు. వరస రావాలన్నారు. బిడ్డ కోసం అనుకున్న పక్క గది ఖాళీగా ఉంచితే చూడలేకపోతున్నానని కమలక్కే జయపాల్ అన్నతో షాపు పేపరు కట్టలు తెచ్చి అందులో పెట్టించింది. "బిడ్డ వచ్చేనాడు తీద్దాం," అనుకున్నారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏళ్ళన్నీ రోడ్డు మీది దుమ్ముతో కలిసి గుర్తొస్తాయి. మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. మా డాబా పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ పొర పట్టేది. ఆ దుమ్ములోనే డిసెంబరు రాగానే కమలక్క గేటు మీద కాగితం నక్షత్రం కట్టేది. క్యారల్స్ పాడే గుంపు వస్తే సందంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేది. రుద్రమ్మ అచ్చుతో గులాబీ పువ్వులు వండి డబ్బాకెత్తి పైకి పంపేది. తింటే కరకరలాడుతూ, కొంచెం కొబ్బరి వాసన వేస్తూ ఉండేవి. "వచ్చే పండుగకు మనింట్ల పిల్ల తిరుగుతది," అనేది ప్రతిసారీ. ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

ఆ మధ్యలోనే నేను గర్భవతినయ్యాను. ఆ సంగతి కమలక్కతో ఎలా చెప్పాలో తెలియలేదు. మెట్ల మీద ఎదురైతే కళ్ళు దించుకుని వెళ్ళిపోయేదాన్ని. రెండు వారాలు చూసి తనే పైకి వచ్చింది, ఉసిరికాయ పచ్చడి గిన్నెతో.

"ఏంటక్కా ఇది?"

"నోరు చప్పగుంటది గదా ఇప్పుడు. నాకు జెప్పనీకె భయపడ్డవా పిచ్చిదానా?" అంది. ఆ సాయంత్రం నుంచి రుద్రమ్మ ప్రార్థనలో నా కడుపులో బిడ్డ కూడా చేరాడు. మా రిషి పుట్టిన రోజున కాన్పు గది తలుపు దగ్గర మొదట నిలబడింది కమలక్కే, డ్యూటీ చీరలోనే.

మెట్రో నడవడం మొదలైన ఏడాది తరువాత వాళ్ళకు ఫోన్ వచ్చింది. వేరే జిల్లాలో ఒక శిశుగృహంలో ఏడునెలల బాబు. ఫోటో పంపారు. బుగ్గ మీద కాటుక చుక్క, నోట్లో పిడికిలి. రుద్రమ్మ ఫోను చేతికి తీసుకుని తెర మీద ముద్దు పెట్టింది. తెర ఆరిపోయింది. మళ్ళీ వెలిగించమని కొడుకు మీద కేకలేసింది. వాళ్ళు ఒప్పుకుంటున్నామని ఆ రోజే తెలియజేశారు. జయపాల్ అన్న షాపు మూసేసి వచ్చి పేపరు కట్టలన్నీ ఒక్కడే మోసి వరండాలో పేర్చాడు. గదికి లేత ఆకుపచ్చ రంగు వేశాడు. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాడు. ఆయన ఈల వేయగలడని నాకు అప్పుడే తెలిసింది.

బాబును చూడటానికి బయల్దేరవలసిన వారంలో మళ్ళీ ఫోన్. ఆ బాబు కన్నతల్లి అధికారుల దగ్గరికి వచ్చిందట. పెళ్ళి కాని పిల్ల. తన ఇష్టం లేకుండా ఇంట్లోవాళ్ళు సంతకం చేయించి బిడ్డను అప్పగించారని చెప్పిందట. విచారణ జరుగుతుంది, మీరు ఆగాలి అన్నారు. కొన్ని వారాల తరువాత, బిడ్డను ఆ తల్లికే ఇచ్చేశారని చెప్పారు.

జయపాల్ అన్న వరండాలోని కట్టలు ఒక్కొక్కటే మోసి మళ్ళీ ఆ గదిలో పెట్టాడు. ఆ తరువాత కొన్ని ఆదివారాలు ఆయన చర్చికి వెళ్ళలేదు. రుద్రమ్మ బలవంతపెట్టలేదు. "వాని అలక వానికి, దేవునికి మధ్యల ఉన్నది," అంది.

ఆ నెలలో చర్చి స్త్రీల సమాజం కూడిక వాళ్ళింట్లోనే జరిగింది. టీ అందించడానికి నేను కిందికి వెళ్ళాను. ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థిస్తోంది: "ప్రభువా, ఈ కుటుంబానికి నీవిచ్చిన ఆశీర్వాదాన్ని సాతాను అడ్డుకున్నాడు..."

"సాతాను గాదమ్మా," అని వినిపించింది.

అందరూ కళ్ళు తెరిచారు. కమలక్క లేచి నిలబడి ఉంది.

"అడ్డమొచ్చింది సాతాను గాదు. తల్లి. తన బిడ్డను తాను తీస్కపోయింది. దాన్ని సాతాను అనకుండ్రి."

చర్చి అయ్యగారి భార్య పాస్టరమ్మగారు నెమ్మదిగా ఒక పాట ఎత్తుకున్నారు. కమలక్క పాడలేదు. ఆ రోజే కాదు, ఆ తరువాత చాలా రోజులు పాడలేదు. సాయంత్రం ప్రార్థనలో రుద్రమ్మ గొంతు ఒక్కటే పైకి వచ్చేది. కమలక్క కూర్చునేదట గానీ, నోరు తెరిచేది కాదట.

ఒక ఆదివారం మధ్యాహ్నం డాబా మీద ముగ్గురం కూర్చుని మినప్పప్పులో రాళ్ళు ఏరుతున్నాం. రిషి పక్కన చాప మీద నిద్రపోతున్నాడు. కమలక్క ఉన్నట్టుండి అంది:

"ఇన్నేండ్లు ఏమని అడిగిన సుధా నేను? బిడ్డనియ్యి, బిడ్డనియ్యి అని అడిగిన. అంటే ఎక్కడనో ఒక తల్లి బిడ్డను ఇడిచిపెట్టాలె అని అడిగినట్టే గదా? ఆ పిల్ల వచ్చి బిడ్డను తీస్కపోయిన సంది నాకు ప్రార్థన నోట్లకు వస్తలేదు. అడగాలంటే సిగ్గయితుంది."

నా బిడ్డ నా పక్కనే ఉన్నాడు. తల దించుకుని చేటలో పప్పు మళ్ళీ కెలకడం మొదలుపెట్టాను.

రుద్రమ్మ చేతిలోని రాయి పక్కకు వేసింది. "నన్ను సాదిన సుందరమ్మ పండుకునే ముందు ప్రార్థన జేస్తుండె," అని మొదలుపెట్టింది. "ముందుగాల నా తల్లి కోసమే అడుగుతుండె. 'దీన్ని గన్నది యాడున్నదో, ఇంత తిన్నదో లేదో, దాన్ని జూసుకో ప్రభువా' అని. నా పేరు ఆ తర్వాతనే. నాకు మస్తు కోపమొస్తుండె. నన్ను ఇడిసిపెట్టిపోయిన దాని కోసం ఎందుకు అడుగుతవని ఒకపారి లొల్లి జేసిన."

"ఏమన్నది అత్తమ్మా?"

"'అది ఏడ్సుకుంటనే పోయుంటది. నువ్వు నా ఒళ్ళె పండుకున్నవంటే, అది ఒట్టి ఒడి పెట్టుకోని యాడనో కూసున్నట్టే. దాన్ని మర్శిపోయి నేనొక్కదాన్నే సంబరపడితే ఎట్ల?' అన్నది. గా మాట అప్పుడు నాకు అర్థం కాలే. కాని రోజూ ఇని ఇని, మా అమ్మ సుత మా ఇంట్ల మనిషే అనిపించింది. దాని మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు."

కమలక్క పప్పు ఏరడం ఆపేసింది.

"నువ్వు గిట్ల అడుగు బిడ్డా," అంది రుద్రమ్మ. "ఏ తల్లికి బిడ్డను సాదనీకె దిక్కు లేదో, ముందు దానికి దిక్కు సూపియ్యి అని అడుగు. అంత అయినంక సుత ఏ బిడ్డన్న ఒంటరిగ మిగిలితే, గప్పుడు మా ఇల్లు యాది జేస్కో అని అడుగు."

"అట్ల అడిగితే మనకు బిడ్డ రాకనే పోవచ్చు గదా?"

"రాకపోతే రాదు. యాడనో ఒక తల్లి నిమ్మలంగ ఉంటది."

ఆ సాయంత్రం కింద నుంచి కమలక్క గొంతు వినిపించింది. చాలా కాలానికి. బాబును తీసుకువెళ్ళిన ఆ అమ్మాయి కోసం అడిగింది. ఆమెకు ఏదైనా పని దొరకాలనీ, ఇంట్లోవాళ్ళ మనసు మారాలనీ, బాబుకు జ్వరాలు రాకూడదనీ. మధ్యలో ఆగి ఆగి, మాటలు వెతుక్కుంటూ అడిగింది. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను. మా ఇంట్లో పూజలున్నాయి, నోములున్నాయి. నేనూ దేవుణ్ణి ఎన్నో అడిగాను. కానీ తనకు దక్కకపోయినా పరవాలేదని అడగడం నేను వినడం అదే మొదటిసారి. అటువంటి నమ్మకం నాకు ఇప్పటికీ లేదు. అది ఉన్న మనుషుల పక్కన కొంతకాలం బతికాను, అంతే.

స్త్రీల సమాజంలోనూ కమలక్క ఆ మాటే చెప్పింది. మా కోసం అడిగేవాళ్ళు ముందు ఆ తల్లుల కోసం అడగండి అంది. కొందరికి నచ్చలేదు. మనం మన విశ్వాసాన్నే తగ్గించుకుంటున్నామని ఒకావిడ అంది. పాస్టరమ్మగారు మాత్రం ఆ శుక్రవారం నుంచి అలాగే ప్రార్థన నడిపించారు.

దరఖాస్తులో వయసు మార్చమన్నది కూడా రుద్రమ్మే. "పసిపిల్లలనైతే అందరు తీస్కపోతరు. నాలుగేండ్లదాన్ని నన్నెవరు అడిగిండ్రు, సుందరమ్మ తప్ప?" అంది. వాళ్ళు ఆరేళ్ళ దాకా అని మార్చారు. మళ్ళీ కబురు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఈసారి ఆడపిల్ల. నాలుగేళ్ళు దాటాయి. పేరు ధాత్రి. తల్లి ఎవరో, ఎక్కడుందో ఎంత వెతికినా తెలియలేదని చెప్పారు. కమలక్క ఫోటో చూసింది, రుద్రమ్మ చూసింది. జయపాల్ అన్న చూడనన్నాడు. "పిల్లనే జూస్త. ఫోటో వద్దు," అని షాపుకు వెళ్ళిపోయాడు. పిల్లను చూసే దాకా గదిలోని కట్టలు కూడా కదపలేదు.

కరోనాకు ముందు ఫిబ్రవరిలో ధాత్రి ఆ ఇంటికి వచ్చింది. నూనె పెట్టి బిగించిన రెండు జడలు, చేతిలో బిస్కెట్ల ప్యాకెట్. ఆ ప్యాకెట్ ఎవరికీ ఇవ్వలేదు, తానూ తినలేదు. చర్చిలో ఎవరో పేరు మారుస్తారా అని అడిగితే, "ఇన్నేండ్లు ఆ పేరుకే పలికింది. ఉండనీయండ్రి," అంది కమలక్క.

ఆ పిల్ల మొదట అమ్మా అన్నది రుద్రమ్మను. ఇల్లు కదలకుండా పక్కనే ఉండే మనిషి ఆమే కదా! నేను పైనుంచి "కమలక్కా" అని పిలుస్తుంటే విని, తనూ "కమలక్కా" అనడం మొదలుపెట్టింది. జయపాల్ అన్నను మాత్రం ఏమీ పిలిచేది కాదు. ఆయన గదిలోకి వస్తే గోడకు అతుక్కుని నిలబడేది. ఆయన దగ్గినా ఉలిక్కిపడేది.

"కమలక్క అంటది సుధా నన్ను," అని నవ్వుతూ చెప్పేది ఆమె. నవ్వు మధ్యలోనే ఆగిపోయేది.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. రైలు ఆగింది, సందు ఆగింది. కోచింగ్ పిల్లలంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు. అమీర్‌పేటలో పిట్టల అరుపు వినిపించడం నాకు తెలిసి అదే మొదలు. కానీ ఆసుపత్రి మాత్రం ఆగదు కదా. ఇంట్లో ముసలామె, పిల్ల ఉన్నారని కమలక్క కొన్ని వారాలు ఆసుపత్రి హాస్టల్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న బిడ్డను నెల తిరగకుండానే వదిలి ఉండవలసి వచ్చింది. వీడియో కాల్ చేస్తే ధాత్రి ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోయేది.

షాపు మూతపడటంతో జయపాల్ అన్న రోజంతా ఇంట్లోనే. పిల్లతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు. ఒకవైపు ప్రింటై పాడైన షాపు కాగితాలు ఇంట్లో గుట్టలుగా ఉండేవి. ఒక మూల కూర్చుని వాటితో పడవలు, పిట్టలు, టోపీలు మడవడం మొదలుపెట్టాడు. పిల్లను పిలవలేదు, చూడలేదు. రెండో రోజుకు ధాత్రి కాస్త దగ్గరగా వచ్చి కూర్చుంది. నాలుగో రోజుకు మా రిషి కూడా చేరాడు. వారం తిరిగేసరికి మెట్ల నిండా జావా నోట్సు పిట్టలే. ఒక మధ్యాహ్నం రిషి ఆయన పక్కన కూర్చోబోతే, "లే! గది మా నాన్న జాగ," అని గట్టిగా అరిచింది. జయపాల్ అన్న చేతిలోని కాగితం అలాగే పట్టుకుని చాలాసేపు తల ఎత్తలేదు.

కమలక్క తిరిగి వచ్చాక కూడా కొన్ని నెలలు కమలక్కగానే ఉంది. అది ఎప్పుడు అమ్మ అయిందో ఆమెకే గుర్తు లేదు. "ఒకనాడు సబ్బు అయిపోయింది అమ్మా అన్నది. నేను పోయి సబ్బు దెచ్చిచ్చిన. తర్వాతెప్పుడో యాదికొచ్చింది, అరె, అమ్మా అన్నది గదా అని. అంతకుముందే అన్నదేమో సుత తెల్వదు," అని చెప్పింది.

ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగానే ప్రార్థన మొదలైంది. కమలక్క అలవాటు ప్రకారం ముందు కన్నతల్లి కోసం అడిగింది. ధాత్రి కళ్ళు తెరిచి, "ఏ అమ్మ?" అంది.

కమలక్క దాచలేదు. "నిన్ను గన్న అమ్మ. యాడున్నదో మనకు తెల్వదు. మంచిగుండాలె అని అడుగుతున్న."

"ఆమెకు ఎర్ర గాజులుండె," అంది ధాత్రి. ఆ పిల్ల తన తల్లి గురించి మాట్లాడటం అదే మొదటిసారి. తరువాత చేతులు జోడించి, "దేవుడా, ఎర్ర గాజుల అమ్మకు చలి పెట్టకుండ చూడు," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. రుద్రమ్మ పెద్దగా ఆమేన్ అంది. కమలక్క కొంగుతో ముఖం తుడుచుకుని పాట ఎత్తుకుంది.

రుద్రమ్మ ఆ పైన రెండేళ్ళు ఉంది. దత్తత ఖాయం చేసిన కోర్టు కాగితం వచ్చిందాకా, ధాత్రి బడికి వెళ్ళిందాకా, రిషితో కొట్లాడి వచ్చి ఫిర్యాదు చెప్పిందాకా. ఒక పొద్దున్న ఛాయ్ తాగి, పక్కకు ఒరిగి, అలాగే వెళ్ళిపోయింది. సమాధి మీద రెండు పేర్లూ చెక్కించారు. కోచింగులన్నీ ఆన్‌లైన్‌కు మళ్ళి షాపు నడవక జయపాల్ అన్న ఒక ప్రింటింగ్ ప్రెస్సులో చేరాడు. ఇల్లు అమ్మి బోరబండ వైపు చిన్న ఫ్లాటు తీసుకున్నారు. మేం నిజాంపేటకు మారిపోయాం. ఫోన్లున్నా కలవడం తగ్గింది. ఒక్కోసారి సాయంత్రం స్టవ్ సన్నగా పెట్టి, ఏదో వినాలన్నట్టు నిలబడిపోతుంటాను.

మొన్న డిసెంబరులో పంజాగుట్టలో ఒక చెప్పుల షాపులో ముగ్గురూ కనిపించారు. ధాత్రి నా భుజం దాకా పెరిగింది. మడమ ఎత్తున్న తళుకుల చెప్పులు ఒకటి వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని వాదిస్తోంది.

"అవి ఏసుకోని బడికి పోతవా? బొక్కబోర్ల పడ్తవు," అంటోంది కమలక్క.

"బడికి గాదమ్మా, చర్చికి! నువ్వెప్పుడు గిట్లనే. నాన్నా, నువ్వు చెప్పు."

"మంచిగనే ఉన్నయి గదా," అన్నాడు జయపాల్ అన్న మెల్లిగా.

"నువ్వు ఊకో! నువ్వే ఖరాబ్ జేస్తున్నవు దాన్ని." కమలక్క నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "చూసినవా సుధా, నాతోని ఎట్ల లొల్లి పెట్టుకుంటదో! రిషి సుత గిట్లనే సతాయిస్తడా?"

"అంతకంటే ఎక్కువేనక్కా," అన్నాను.

చివరికి మడమ తక్కువ ఉన్న జత ఒకటి తీసుకున్నారు. బిల్లు కౌంటర్ దగ్గరికి వెళ్తూ కూడా ధాత్రి వెనక్కి తిరిగి ఆ తళుకుల జత వంకే చూస్తూ, ఇంకా వాదిస్తూనే ఉంది.